మా ఆయన కాలి కింది బ్రేకు

మా ఆయన ఇరవై రెండేళ్ళుగా జనానికి కారు నడపడం నేర్పుతున్నాడు. వీధిలో అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. ఆ పేరు ఊరికే రాలేదు. నేర్పే కారులో మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, కొత్తవాళ్ళు కంగారుపడితే తొక్కి కాపాడడానికి. ఈయన దాన్ని తొక్కడు. మొదటి రోజే సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. నా కాళ్ళు ఇక్కడున్నాయి చూసుకోండి, కారు ఆపుకోవాల్సింది మీరే అంటాడు. ఖాళీ మైదానంలో, నడక వేగంతో లెండి. ప్రాణాల మీదికి తెచ్చుకునేంత వెర్రివాడేం కాదు.

ఇంకో నియమం కూడా ఉంది. ఆ మొదటి రోజు ఇంజను పదిసార్లు ఆగిపోవాలి. ఎవరైనా ఎనిమిదోసారికే చక్కగా నడిపేస్తే ఒప్పుకోడు, ఇంకో రెండుసార్లు ఆపి చూపించమంటాడు. ఆగిపోతే కొంపలేమీ మునగవని ఒంటికి తెలియాలట. బ్యాంకు మేనేజరంతటి పెద్దమనిషి చేత కూడా పదిసార్లు ఆపించాడు.

ఇంత ఘనుడు సొంత కూతురి దగ్గరకొచ్చేసరికి వెన్నముద్ద అయిపోతాడు. దానికి తోడు అది చదివిన బడి అలాంటిది. ఒక్క మార్కు తగ్గితే తల్లిదండ్రులను పిలిపించి, పిల్ల ముందే పంచనామా చేసేవాళ్ళు. ఆ భయంతో ఈయన దానికి అట్టముక్కలతో అగ్నిపర్వతాలు చేసిచ్చాడు, మ్యాపుల్లో నదులన్నీ తానే గీసిచ్చాడు. ఆ అగ్నిపర్వతానికి మొదటి బహుమతి వస్తే సిగ్గులేకుండా వీధంతా మిఠాయి పంచాడు. నేనూ తక్కువ తినలేదు. కాలేజీకి వెళ్ళే పిల్లకు కూడా సంచి నేనే సర్దాను.

అలా పెరిగిన పిల్లకు కళ్ళు పరీక్ష చేసే చదువు పూర్తికాగానే ఉద్యోగం వచ్చింది. వ్యాను తానే నడుపుకుంటూ ఊరూరా తిరిగి బడిపిల్లల కళ్ళు చూడాలి. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. బయట నేర్చుకోవాల్సిన ఖర్మేముంది, ఇంట్లోనే మాస్టారున్నాడు. పది రోజులు తిరక్కుండానే దీనికి పుట్టుకతోనే వచ్చేసిందని ఆయన చంకలు గుద్దుకున్నాడు. మిగతావాళ్ళకు నేర్పిన రోజు ఆయనకు గొంతు నొప్పి. దీనికి నేర్పిన రోజు పిక్క నొప్పి. నేను కూర్చుని నూనె రాసేదాన్ని, తెలివితక్కువదాన్ని.

పరీక్ష మాత్రం లైసెన్సు ఆఫీసువాళ్ళ మామూలు కారులో పెట్టారు. ఆగాల్సిన గీత దాటి కారు సగం ముందుకు పోయింది. పిల్ల పరీక్ష తప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఏదైనా తప్పడం అదే మొదలు.

గదిలోకి పోయి తలుపేసుకుంది. కంచాలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. ఉద్యోగానికి రానని ఉత్తరం రాసి బల్లమీద పెట్టింది. స్నేహితులు ఫోన్ చేస్తే తీయదు, జుట్టు దువ్వుకోదు. నాకు నిజంగా భయమేసింది. నాలుగో రోజు పక్కన కూర్చుని తల నిమురుతుంటే గోడకేసి చూస్తూ చెప్పింది.

"నేను తొక్కేలోపే ఆగిపోయేదమ్మా మన కారు. అక్కడి కారు ఆగలేదు. ఇన్నాళ్ళూ నాకు వచ్చిందనుకున్నదాంట్లో నాదేమన్నా ఉందా అసలు?"

నాకు ఒళ్ళు మండింది. నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, దాని పక్కన కూర్చున్నప్పుడు కాళ్ళెక్కడ పెట్టుకునేవారని అడిగాను. ఆయన పిక్క తడుముకున్నాడు. అది భయపడితే చూడలేనే అని గొణిగాడు.

"చూడలేకపోతే కళ్ళు మూసుకోండి. కాలు మాత్రం తీయండి," అన్నాను.

ఆయనే గదిలోకి వెళ్ళి దానికి నిజం చెప్పాడు. అది గయ్యిమంది. మూడు రోజులుగా లేవని గొంతు లేచినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. కాపలాకి నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన బాసింపట్టు వేసుకుని, రెండు చేతులతో రెండు పాదాలూ గట్టిగా పట్టుకున్నాడు. ఇంజను పదిసార్లేం ఖర్మ, పద్నాలుగుసార్లు ఆగింది. ఆ తర్వాత కారు వెళ్ళి ఖాళీ డ్రమ్ముకు గుద్దుకుంది. ఆయన అమ్మో అన్నాడు. పిల్ల దిగి, డ్రమ్ము నిలబెట్టి, వంగిన నంబరు పలకను చూసి, మళ్ళీ ఎక్కింది. ఆ వారమంతా అదే వరస. దానికి ఆకలి పెరిగింది, ఈయనకు తగ్గింది.

రెండోసారి పరీక్షకు మేమెవరం వెంట వెళ్ళలేదు, రావద్దంది. మధ్యాహ్నం వచ్చి చెప్పులు విప్పుతూ, గీత దగ్గర బాగానే ఆపాననీ, వెనక్కి తిప్పేటప్పుడు చక్రం గట్టు మీదికి ఎక్కేసిందనీ, మళ్ళీ తప్పాననీ చెప్పింది. నెలాఖరులోగా ఇంకొక్క తేదీ ఉందట, దానికి పేరు కూడా ఇచ్చేసి వచ్చిందట. వంటింట్లోకి వెళ్ళి తానే వడ్డించుకుని తినసాగింది.

ఈయన మాత్రం లోపలికి పోయి, దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. తినడానికి ఎంత పిలిచినా లేవలేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చి, మంచం అంచున కూర్చుని, ముసుగు కొంచెం లాగింది.

"లే నాన్నా, లేచి అన్నం తిను. తప్పింది నేను, నువ్వు కాదు."