తీతువు గుడ్లు తిన్న కొమురమ్మ

మా కాలనీలో కొమురమ్మ పేరెత్తితే ఇప్పటికీ ముందు నవ్వుతారు, ఆ తరువాత చెంపలేసుకుంటారు. "తీతువు గుడ్లు తిన్నామె కదూ!" అంటారు. ఆమె చెయ్యనిది ఊరందరికీ తెలుసు, చేసింది ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్న ఘనుణ్ణి నేనే. నాది మన్సూరాబాద్‌లో కిరాణా కొట్టు, సరిగ్గా ఆమె ఉండే ఖాళీ ప్లాటుకు ఎదురుగా. అది చాలదన్నట్టు కాలనీ సంక్షేమ సంఘంలో సంయుక్త కార్యదర్శి పదవి కూడా వెలగబెడుతున్నాను. మీటింగుకు ముందు కుర్చీలు వేయించడం, అయ్యాక తీయించడం, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టడం ఆ పదవి బాధ్యతలు.

కొమురమ్మది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆసు పోసింది. చీర మగ్గమెక్కక ముందు నూలును మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. ఇరవై ఏళ్ళు ఆడించేసరికి కుడి భుజం పడిపోయింది. మగ్గం కూడా తిండి పెట్టడం మానేశాక, ఆమె భర్త బాలనర్సయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో కుదిరాడు. పట్టుచీరలు నేసిన మనిషి అక్కడ పొద్దంతా సూరత్ చీరలు మడతలు పెడతాడు. ఉండటానికి మలక్‌పేట మురళీకృష్ణ గారి నాలుగువందల గజాల ప్లాటులో రేకుల షెడ్డు దొరికింది. ప్లాటు ఎవరూ కబ్జా చేయకుండా కాపలా కాయడమే వాళ్ళు కట్టే కిరాయి.

ఆ ప్లాటులో, ఎప్పుడో ఇల్లు కడదామని పోయించి వదిలేసిన కంకర గుట్ట ఉంది. మొన్న మే తొమ్మిదో తారీఖున దాని మీద ఒక తీతువు జంట నాలుగు గుడ్లు పెట్టింది. మట్టిరంగు మీద నల్లమచ్చలు. వంగి చూసినా కంకర రాళ్ళే అనుకుంటాం. కొమురమ్మ మాత్రం చూసిన రోజే ఒక నూలుపోగు తీసి ముడి వేసింది. రోజుకో ముడి చొప్పున ఇరవై ఎనిమిది ముళ్ళు పడితే పిల్లలు బయటికి వస్తాయట. అత్తగారు నేర్పిన లెక్క. ఆ పోగు ఎప్పుడూ ఆమె నడుముకే ఉండేది.

గుడ్లు కనపడకపోయినా తల్లి నోరు కనపడకుండా పోదు కదా! కుక్క పోయినా, స్కూటరు ఆగినా ఆ పిట్ట పేట అదిరిపోయేలా అరిచేది. తీతువు అరిస్తే చావు కబురొస్తుందని మనవాళ్ళ నమ్మకం. నాలుగో రోజు పొద్దున్నే మా సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారు చేతికర్రతో ప్లాటులోకి దిగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డు సూపరింటెండెంటు ఆయన. ఏ పనైనా సరే, తీర్మానం రాస్తే సగం అయిపోయిందని నమ్మే మనిషి.

"ఏమ్మా కొమురమ్మా! ఈ దరిద్రపు పక్షి తెల్లారకుండానే మొదలెడుతోంది. నాకసలే బీపీ. ఆ గుడ్లేవో తీసి అవతల పారేయించమ్మా."

"గుడ్లు తీస్తె ఎట్ల సారూ! గీ కాలనీ మునుగుతదో మునుగదో చెప్పేది గా పిట్టనే గద!"

ఆయన చేతికర్ర గాల్లోనే ఆగిపోయింది. 2020 వానలకు మా కాలనీలో నడుములోతు నీళ్ళు నిలిచాయి. విశ్వేశ్వరరావు గారి ఫ్రిజ్ గేటు దాటి నా కొట్టు దాకా ఈదుకుంటూ వచ్చింది. ఆనాటి నుంచీ మబ్బు పడితే చాలు, ఆయనకు చెమట పడుతుంది.

"మునగడమేంటి?" అన్నారు, గొంతు తగ్గించి.

"మా దిక్కు రైతులు గిదే చూస్తరు సారూ. తీతువు పల్లంల గుడ్లు వెడితె ఆ ఏడు వానలు తక్కువ. మెరక మీద వెడితె దంచుడే దంచుడు. పిట్టకు ఎరుకైనంత మనకు ఎరుకైతదా?"

అబద్ధం కాదు, వాళ్ళ ఊళ్ళో నిజంగానే అలా అనుకుంటారు. కాకపోతే ఆ మాట ఎక్కడ వాడాలో ఆమెకు ఆ క్షణంలో తట్టింది. పాపం, విన్నవాళ్ళు మేమని ఆలోచించలేదు.

సాయంత్రానికల్లా మీటింగు. రాత్రికల్లా తీర్మానం. మర్నాటికి 'తీతువు పరిరక్షణ కమిటీ' పుట్టేసింది. విశ్వేశ్వరరావు గారు టేపు పట్టుకొని కంకర గుట్ట ఎత్తు కొలిచారు. రెండున్నర అడుగులు. అంటే నీళ్ళు రెండున్నర అడుగులు వస్తాయని ఆయనే తేల్చి, ఫ్రిజ్‌ను మూడడుగుల బల్ల ఎక్కించారు. అది చూసి వీధి వీధంతా ఫ్రిజ్‌లు బల్లలెక్కాయి. పాల ప్యాకెట్టు తీయాలంటే ఆడవాళ్ళు స్టూలు వేసుకోవాల్సి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫ్లెక్సీ వచ్చింది. 'మన తీతువు – మన బాధ్యత' అని పెద్ద అక్షరాలు, అధ్యక్షుల వారి నిలువెత్తు ఫోటో. షాపువాడికి తీతువు బొమ్మ దొరకలేదట, మూలన పావురాన్ని వేశాడు. గుడ్లకు ఎండ తగలకుండా గుట్ట మీద షామియానా వేయించారు. అది గాలికి ఫటఫటా కొట్టుకుంటుంటే పిట్టలు దరిదాపుల్లోకి రావడం మానేశాయి. దయచేసి అందరూ నిశ్శబ్దం పాటించండి అని మైకులో పొద్దుటి నుంచీ చెప్పించాం. ఆ మైకు తెచ్చింది నేనే. విశ్వేశ్వరరావు గారి కోడలు స్పందన ఫోన్ ఎత్తిపట్టి, "హాయ్ ఫ్రెండ్స్, ఎగ్స్ ఎంత క్యూట్‌గా ఉన్నాయో చూడండి" అంటూ రీలు తీసింది. ఎల్బీ నగర్ నుంచి కూడా జనం బండ్లేసుకొని రావడం మొదలైంది.

నేను మజ్జిగ ప్యాకెట్లు అమ్ముకుంటున్నాను. కొమురమ్మ కొట్టుకొచ్చి నా మీద విరుచుకుపడింది.

"సేటూ, నీకు కండ్లున్నయా లేవా? ఇంత ఎండల తల్లి పొట్ట తడుపుకొనొచ్చి గుడ్ల మీద కూసుంటది. గా సల్లదనానికే గుడ్లు బతుకుతయ్. నేను నల్లా కాడ తట్టల నీళ్ళు వెట్టింది అందుకే. మీరు దిగనిస్తలేరు. పొద్దటి సంది నెత్తి మీద తిరుగుతున్నది. గుడ్లు ఉడికిపోతయ్ సేటూ!"

పైకి చూశాను. పిట్ట నిజంగానే తిరుగుతోంది, గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. నేను భయపడుతూనే వెళ్ళి అధ్యక్షుల వారి చెవిన వేశాను.

"నలభై మందిమి రక్షిస్తుంటే ఏమవుతుందండీ?" అని ఆయన నన్నే కసిరారు.

కొమురమ్మ కొంగు బిగించి గుట్ట దగ్గరికి నడిచింది. చేతులు జోడించి, చాలా వినయంగా మాట్లాడింది.

"సారూ, పెద్దమనుషులు చెప్పిన ముచ్చట ఇంకోటి మర్చిపోయిన. గుడ్ల కాడ నిలవడ్డోళ్ళల్ల తీతువు ఎవల నెత్తి మీద మూడు సుట్లు తిరిగి అరుస్తదో, గాళ్ళ ఇంట్ల నలభై దినాలల్ల..."

మిగతాది చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. పిట్ట సరిగ్గా అప్పుడే విశ్వేశ్వరరావు గారి బట్టతల మీదుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు వచ్చేసరికి ఆయన గేటు దగ్గరున్నారు. మూడో చుట్టుకు ప్లాటులో మనిషన్నవాడు లేడు. షామియానావాడు పైసలు తరువాత తీసుకుంటానని గుంజలు పీక్కుపోయాడు. 'ఇకపై దూరం నుంచే పర్యవేక్షించవలెను' అని కమిటీ తీర్మానించింది. కొమురమ్మ షెడ్డు గడపలో కూర్చుంది. పిట్ట తట్టలో పొట్ట తడుపుకొని, కంకర మీదికి నడిచి, గుడ్ల మీద సర్దుకుంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం కొట్టులోంచి చూశాను.

అంతటితో వదిలితే మేము కమిటీ ఎలా అవుతాం? జూన్ ఐదు పర్యావరణ దినోత్సవమని ఎవరికో గుర్తొచ్చింది, సభ ఆ గుట్ట దగ్గరే అని తీర్మానించాం. అదే రోజు పోగుకు ఇరవై ఎనిమిదో ముడి పడుతుందని కొమురమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ముఖ్య అతిథి వస్తున్నారనేసరికి చావు భయం కూడా పక్కకు పోయింది. ముందుజాగ్రత్తగా విశ్వేశ్వరరావు గారు నెత్తిన హెల్మెట్ పెట్టుకొచ్చారు. వెనక యాభై మంది, చేతుల్లో యాభై ఫోన్లు.

గుట్ట మీద గుడ్లు లేవు. పెంకు ముక్క కూడా లేదు.

"గుడ్లేవి?" అన్నారు ముఖ్య అతిథి.

అందరూ వెతుకుతుంటే కోడలు స్పందన షెడ్డు వైపు వేలు చూపించింది. పొయ్యి పక్కన చెత్తబుట్టలో గుడ్డు పెంకులు. సరిగ్గా నాలుగు గుడ్లవి. ఒక్కసారిగా "అమ్మో, పాపం!" అని గొణుగుడు లేచింది. అవి కోడిగుడ్లు. ముందురోజు సాయంత్రం నా కొట్లో కొన్నవి. తెల్లటి పెంకుకూ మచ్చల పెంకుకూ తేడా తెలియని పరిరక్షకులం మేము.

"చెప్పమ్మా! ఆ గుడ్లు ఏం చేశావు?" అని విశ్వేశ్వరరావు గారు హెల్మెట్ అద్దం పైకెత్తి గర్జించారు.

కొమురమ్మ నోరు తెరిచింది. తెరిచినామె ఆగిపోయి నా కాళ్ళ వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. నా రెండు చెప్పుల మధ్య కంకర రాయి ఒకటి కన్ను మూసి తెరిచింది.

పొద్దున్నే పుట్టిన పిల్ల. పిల్లలు బయటికి రాగానే పెంకులను తల్లే దూరంగా పడేసి వస్తుందట. తల్లి హెచ్చరిక వింటే ఎక్కడున్నది అక్కడే రాయిలా అతుక్కుపోతుంది. ఇంకో మూడు ఆ కంకరలోనే ఎక్కడో ఉన్నాయి. గుడ్లు పగిలి పిల్లలయ్యాయని ఆమె ఒక్క మాట అంటే చాలు, యాభై మంది ఫోన్లు పట్టుకొని గుట్ట మీద పడతారు. నూరు కాళ్ళ కింద నాలుగు పిల్లలు. నేను కదలలేదు. కోడిగుడ్ల సంగతి మాత్రం చెప్పొచ్చు కదా! నిజం చెబుతున్నాను, ఆ మాట ఆపింది పిల్ల మీద జాలి కాదు, అధ్యక్షుల వారంటే భయం.

"తిన్న సారూ," అంది కొమురమ్మ. "ఉల్లిగడ్డలేసి అండుకొని తిన్న."

"నాలుగూనా?"

"నాలుగు. మా ఆయనకు గూడ వెట్టిన."

కొందరు ఉమ్మేశారు. కొందరు చెంపలేసుకున్నారు. పాపపు జాగాలో నిలబడకూడదంటూ అందరూ గేటు వైపు నడిచారు. ముఖ్య అతిథి రోడ్డు మీదే ఒక కుండీలో మొక్క నాటి, విశ్వేశ్వరరావు గారికి వన్యప్రాణి రక్షణకు చేసిన కృషికి శాలువా కప్పారు. నేను మాత్రం చివరిదాకా ఆ చెప్పులు కదపకుండా నిలబడ్డాను. నా జీవితంలో చేసిన ఏకైక వన్యప్రాణి రక్షణ అదే.

ఆ వారమే బాలనర్సయ్యను షాపులో 'ఆమ్లెట్ నర్సయ్య' అనడం మొదలుపెట్టారు. నల్లా దగ్గర ఆడవాళ్ళు కొమురమ్మ బిందెకు దూరం జరిగారు. మురళీకృష్ణ గారు కూడా కొత్త కాపలావాళ్ళను వెతికారు. వచ్చినవాళ్ళు తీతువు అరుపు విని గేటు నుంచే తిరిగి వెళ్ళిపోవడం వల్ల షెడ్డు మిగిలింది. ఒక సాయంత్రం ఉప్పు ప్యాకెట్టు కోసం వస్తే అడిగాను.

"ఎందుకక్కా మీదేసుకున్నవ్? పిల్లలు జర పెద్దగైనయ్ గద. గిప్పుడన్న చెప్పనా?"

"వద్దు సేటూ. వాటికి ఇంక రెక్కలు రాలే. చెప్పినవంటె మళ్ళ మైకు తెస్తరు." ఉప్పు ప్యాకెట్టు కొంగున కట్టుకుంది. "మా ఆయన తిండి తింటలేడు. నాకు ఏడ్పొస్తది సేటూ, ఎందుకు రాదు. ఐనా గన్ని దినాలు మోస్త."

జూలైలో ఒక వాన పడి వెలిసిన సాయంత్రం, ఆమె పరుగున కొట్టుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఎగిరినయ్ సేటూ! నాలుగుకు నాలుగు! గిప్పుడు చెప్పుకో, ఎవలికన్న చెప్పుకో!"

కొట్టు వదిలేసి విశ్వేశ్వరరావు గారింటికి పరిగెత్తాను. కోడిగుడ్లూ, చెప్పుల మధ్య పిల్లా, అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. లోపలికెళ్ళి మినిట్స్ పుస్తకం తెచ్చి, ఒక పేజీ తీసి నా ముందు పెట్టారు. 'కాపలాదారు కొమురమ్మ తీతువు గుడ్లు భక్షించుటను ఈ సభ తీవ్రంగా ఖండించుచున్నది.' కింద రెండు సంతకాలు. ఒకటి ఆయనది.

"ఇది మీ సంతకమే కదండీ?" అన్నారు.

నాదే. ఆ రోజు కుర్చీలు తీయిస్తూ, చదవకుండా పెట్టాను. బయట ఆయన డాబా మీదుగా ఆరు తీతువులు అరుచుకుంటూ పోయాయి. ఆయన కిటికీ మూసేశారు.

కొట్టు దగ్గర కొమురమ్మ ఇంకా నిలబడే ఉంది.

"నమ్మిండ్రా సేటూ?"

"లేదక్కా. తిన్నవని కాయితం మీద ఉన్నది. కింద దస్కత్ నాదే."

తిడుతుందేమోనని తల వంచుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సదువుకున్నోళ్ళు దస్కత్ పెట్టినంక తినకుంటె ఎట్ల?" అంది. "నాలుగు గుడ్లియ్యి సేటూ. పిల్లలెగిరినయంటె మా ఆయన ఇయ్యాల అన్నం తింటడు."