కేసింగు పైపులో దిగిన ఎండ

ఈ కళ్ళద్దాలు ఎప్పుడొచ్చినాయని పొద్దున్నుంచి అడుగుతాండారు కదా. చెప్తా, కానీ సిగ్గుతో చస్తాండా, కొంచెం మెల్లగా నవ్వండి.

మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. నాయన నలభై ఏండ్లుగా పట్టుచీరలు నేస్తాండాడు. మగ్గం పైన మిద్దెలో గవాచి ఉండేది, వెలుతురుకు వదిలిన బొక్క. పోయినేడు నేను పైన గది కట్టించి దాన్ని మూసేసినా. అప్పట్నుంచి నాయనకు పట్టపగలే బల్బు దిక్కు. కరెంటు పోతే నేత బంద్.

చేసిన తప్పు దిద్దుదామని ఐడియా వేసినా. చేన్లో బోరు ఫెయిలై ఒక కేసింగు పైపు మిగిలింది. నీళ్ళు తేని పైపు వెలుగన్నా తెస్తుందిలే అని, లోపల బిర్యానీ కట్టే సిల్వర్ కాగితం అతికించి, మూసిన గవాచిని మళ్ళీ తెరిచి, పైగది కప్పు నుంచి దాని దాకా దించినా. వాన పడకుండా మూత కావాల. వంటింట్లో వెలుగు దూరే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కనపడితే ఖాళీ చేసి, కడిగి, పైన బోర్లించినా.

మగ్గం మీద ఎండ పడింది. వీధంతా పిలిచి చూపించినా. నాయన కళ్ళు చిట్లించి, "వెలుగు పసుపు కొడతాందిరా" అన్నాడు.

"వెలుగు బాగానే ఉండాది. నీ కంట్లోనే శుక్లాలు వచ్చింటాయి నాయనా" అన్నా. పదిమంది ముందర అన్నా. ఆయన పోయి మళ్ళీ మగ్గంలో కూర్చున్నాడు.

అప్పుడు మగ్గం మీదుండేది పక్కింటి రామక్క కూతురి తలంబ్రాల చీర. మీగడ రంగు, ఎర్ర అంచు. సగం నేసినాక అడ్డం పోగుకు పట్టు అయిపోతే నేను ఇంకో కండె తెచ్చిస్తి.

"గడపలో ఎండకు పెట్టి చూసుకొని రా" అన్నాడు నాయన. అట్ల చూడకుండా కొత్త పట్టు మా మగ్గం ఎక్కదు.

"ఎండే ఇంట్లోకి వచ్చింటే గడపకేంటికి నాయనా?" అని పైపు కిందే కండెను చీరకు ఆనించి చూపించినా. ఒకటే రంగు. ఆయన నా మాట నమ్మి నేసినాడు.

రామక్క వస్తే చీర తెచ్చి గడపలో పరిచినాం. సగం మీగడ, సగం నిమ్మపండు. పెండ్లి ఇంక పన్నెండు దినాలే.

నాయన చీర పక్క ఒకసారి చూసి, "తప్పు నాదేమ్మా. కళ్ళు ఆనలేదు. పెండ్లిలోపల ఇంకోటి నేసిస్తా" అన్నాడు.

రంగు తప్పిందని ఎవరితోనూ మాట పడని మనిషి. నేనన్న మాటే తన మీద వేసుకొని నన్ను కాపాడినాడు. ఆడనే భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. తప్పు నాదని చెబ్దామని నోరు తెరిచినానో లేదో, బట్టలు ఆరేసేకి మిద్దెక్కిన మా ఆవిడ పైనుంచి కేకేసింది.

"ఏమయ్యా, వారం నుంచి వెతుకుతాండా, నా పసుపు డబ్బా ఈడ బోర్లించినావా? ఎంత కడిగినా దాని పసుపు వదలదని తెలీదా?"

రామక్క పైపు పక్క చూసింది, నా పక్క చూసింది. ఇంక నేను చెప్పేకి ఏం మిగల్లేదు.

డబ్బా తీసి గాజు పలక పెట్టినా. నాయన రెండో చీర నేస్తాండాడు. ప్రతి కండె పట్టుకొని గడపకు తిరిగే పని నాది. అయినా మనసు ఊరుకోక, మొన్న ఆయన్ను కంటి ఆస్పత్రికి పిల్చుకపోయినా.

డాక్టరు పరీక్ష చేసి, "పెద్దాయన కళ్ళు బాగున్నాయి. శుక్లాలని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"నా కొడుకు, ఈడే సార్" అన్నాడు నాయన. "ఎట్లాగూ వచ్చినాం, ఈని కళ్ళు కూడా ఒకసారి చూడండి."

చూసినాడు. ఇవిగో, అద్దాలు.