కంట్లో వేసిన చిగురు

"సత్తెమ్మా, కాలు చిగురేసిందా?" అని అడిగారు మా ఆయన.

"వేసిందండి. ఎర్రగా వేసింది" అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. కాలు చిగురెయ్యలేదు. వేళ్ళు తీసేసిన చోటు నల్లగా ఉంది. ఆయనకు చూపు ఆనడం లేదు కాబట్టి నా అబద్ధం చెల్లింది.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

మాది కడియం. ఇద్దరం నర్సరీలోనే పనిచేసేవాళ్ళం. ఆయన గులాబీలకు అంట్లు కట్టేవారు. ఒక పొద్దున్న కడుతూ కడుతూ, "ఈ బూజు ఎవరూ దులపరేంటే?" అన్నారు. తలెత్తి చూస్తే నీడ కోసం పైన కట్టిన నెట్టు మీద బూజు లేదు. ఆయన కంట్లోనే నల్ల దారాలు తేలుతున్నాయి. ఆ రోజే కత్తి తగిలి వేలు తెగింది. అన్నేళ్ళలో ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పలేదు.

షుగరు అప్పటికే ఉంది. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవారు. రాజమండ్రి వెళ్తే కంట్లో చుక్కలు వేశారు, ఫొటోలు తీశారు. "డయాబెటిక్ రెటినోపతి. న్యూ వెసల్స్ వస్తున్నాయి. నెలనెలా కంట్లో ఇంజెక్షన్ చెయ్యాలి" అన్నారు డాక్టరు గారు. మాకు అర్థం కాక బయట నర్సమ్మను అడిగాం.

"కంట్లో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయండి" అంది.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. నర్సరీ వాళ్ళకు కొత్తది పుట్టడమంటే మొక్క బతికినట్టే. కట్టిన అంటుకు చిగురు కనబడితే చాలు, ఇక దాని జోలికి పోం. "కన్ను దానంతటదే చిగురేస్తుంటే సూదెందుకే?" అన్నారు. నేనూ సరేనన్నాను. ఆ తప్పులో సగం నాది. వానలు పడ్డాయి, లారీలకు మొక్కలు ఎక్కించే రోజులు. మూడు నెలలు వెళ్ళలేదు.

ఒక ఉదయం లేచి, "ఎర్ర తెర కట్టారేంటి?" అన్నారు. లోపల నాళాలు చిట్లి రక్తం నిండిపోయింది.

"ఎందుకు రాలేదమ్మా?" అని డాక్టరు గారు అడిగితే, "కొత్తవి పుడుతున్నాయన్నారు కదండీ" అన్నాను. డాక్టరు గారు కుర్చీ మా దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత మాకు తెలిసే మాటల్లోనే చెప్పారు. "అవి కలుపు మొక్కల్లాంటివమ్మా. కంటికి రక్తం అందకపోతే అక్కడ ఊరే వీఈజీఎఫ్ అనే పదార్థం కేకేస్తుంది, నాళాలు పుట్టమని. కంగారులో పుట్టినవి పీలగా ఉంటాయి, చిట్లుతాయి. ఇన్సులిన్ అనే హార్మోను సరిగ్గా పనిచేయక షుగరు పెరిగితే, ఒంట్లో ఇలాంటి కబుర్లన్నీ గాడి తప్పుతాయి. ఆ కేకను ఆపడానికే ఇంజెక్షను."

ఆ కంటికి చూపు తిరిగి రాలేదు. రెండోది మసకైంది. ఆ మసకలోనే కుండీ పెంకు తొక్కారు. షుగరుకు అరికాలు మొద్దుబారి, గుచ్చుకున్నట్టు కూడా తెలియలేదు. చెప్పు తీస్తే నెత్తురు.

పుండు మానలేదు. కాలి డాక్టరు గారు, "ఇక్కడ కొత్త నాళాలు పుట్టాలి. పుడితే ఎర్ర కండ వస్తుంది. పుట్టట్లేదు" అన్నారు.

"కంట్లోవి పీకి కాలికి నాటలేరా అండీ? మా కడియంలో రోజూ చేసే పనే" అన్నారు మా ఆయన. డాక్టరు గారు నవ్వబోయి ఆగిపోయారు. ఇన్సులిన్ పెట్టారు, రెండు వేళ్ళు తీశారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. కాలు చిగురేసిందా అని నన్ను అడిగిన మర్నాడే పోయారు.

దినాలయ్యాక సుజాత నన్ను అదే కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నాకూ షుగరే. "న్యూ వెసల్స్" అన్నారు. ఈసారి కుర్చీలోంచి లేవకుండా అడిగాను, "మంచికా అండీ, చెడుకా?" అని.

"చెడుకే. కానీ వేళకే వచ్చావు" అన్నారు.

ఇప్పటికి అయిదు ఇంజెక్షన్లు అయ్యాయి. సూదిలో దారం ఎక్కించలేను గానీ, కుండీల్లో మట్టి నింపుతున్నాను. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకుంటాను.

షుగరున్న వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని చూపించుకోండి. డాక్టరు ఏ మాటన్నా అది మంచికో చెడుకో అడిగాకే గుమ్మం దాటండి. సిగ్గుపడకండి.

అయిపోయింది సుజాతా. నేనాడిన అబద్ధం కూడా రాశావు కదా? కొట్టెయ్యకు. ఏదీ, మొదటి నుంచి చదువమ్మా. ఆయన అడిగిన మాట కాస్త నెమ్మదిగా చదువు.