ఒక కొన నేలకు

మా డ్రాయింగ్ మేష్ట్రు పోయారని పావగడ బస్టాండులో తెలిసింది. మా ఊరి బస్సు కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "నీకు తెలీదామ్మా? నిన్న పొద్దున పోయినాడంట. సాయంత్రమే మట్టి చేసినారు," అన్నాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నేను కూర్చోలేకపోయాను. ఒక కమ్మీ వదిలి ఇంకో కమ్మీ పట్టుకుంటూ బస్సంతా తిరిగాను.

ఆయనా ఎప్పుడూ కూర్చున్న మనిషి కాదు. నేను చదివిన అరసికెరె బడిలో ఆయన కుర్చీ మీద రంగు డబ్బాలుండేవి. టీ కూడా నడుస్తూనే తాగేవారు. ఎవరైనా కూర్చోమంటే, "కూర్చుంటే కాళ్లు పని మర్చిపోతాయప్పా," అనేవారు.

వానలు మొహం చాటేసిన ఏళ్లవి. వేరుశనగ కోసం గుట్టల వాలు దాకా దున్నేశారు. ఆ పంటా ఎండిపోతే కూలి దొరక్క, ఆడవాళ్లు గడ్డపారలు పట్టుకుని నాభి గడ్డలు తవ్వడానికి గుట్టకు వెళ్లేవారు. నాభి అంటే కంపచెట్ల మీదికి పాకే తీగ. దాని పూలు పైకెగసే మంటల్లా, అడుగున పసుపుగా, కొసన ఎర్రగా ఉంటాయి. గడ్డ విషం. అయినా మందుల్లోకి పనికొస్తుందని హొసకోటలో ఒక వ్యాపారి కొనేవాడు. చూస్తుండగానే ఒక్కొక్క గుట్టే పువ్వు లేకుండా అయిపోసాగింది.

మేష్ట్రుకు అది పట్టుకుంది. ఒక చెక్క పలక మీద రంగులతో నాభి పువ్వు గీసి, కింద కన్నడంలోనూ తెలుగులోనూ "తవ్వకండి, పోతే మళ్లీ రాదు" అని రాసి, సైకిలుకు కట్టుకుని సంతలన్నీ తిరిగేవారు. జనం నవ్వేవారు. పూల సార్ అని పేరు పెట్టారు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం మమ్మల్ని గుట్టకు తీసుకెళ్లారు. దారి పొడవునా గడ్డలు తవ్వేవాళ్ల మీద కోపంగా మాట్లాడుతూనే ఉన్నారు. వాలు ఎక్కేసరికి ముగ్గురు ఆడవాళ్లు తవ్వుతున్నారు. అందులో ఒకామె మా అమ్మ. నేను స్నేహితురాలి వెనక దాక్కున్నాను.

"ఇట్ల పెరికేస్తే రేపు మీ పిల్లోళ్లకు ఈ పువ్వు యాడుంటాదమ్మా?" అన్నారు మేష్ట్రు.

అమ్మ గడ్డపార నేలకు గుచ్చింది. "పువ్వు యాడుంటాదని అడుగుతాండావు. సంగటి యాడుంటాదని అడగవేంది సార్?"

ఆయన కదలకుండా నిలబడటం అదే మొదటిసారి చూశాను. అమ్మే మెత్తబడి, ఒక గడ్డ ఎత్తి చూపింది. "చూడు, నాగలి మాదిరి రెండు కొనలుండాయి. మొలక వచ్చేది ఆ కొనల్లోనే. ఒకటి భూమిలో పూడిస్తే మళ్ల లేస్తాది. మా అవ్వ అట్లనే చేసేది. ఇప్పుడు ఆ యాపారి విరిగిన గడ్డ వద్దంటాడు. మేమేం చేసేది?"

సోమవారం మేష్ట్రు ఆ పలకను తరగతికి తెచ్చారు. మా ముందే పాత మాటలు గీకేసి, "ఒక కొన మీకు, ఒక కొన నేలకు" అని రాశారు. "నేను తప్పు రాసినాను. ఇది నాకు ఈ పిల్ల వాళ్లమ్మ నేర్పింది," అని నన్ను చూపించారు. శనివారం నుంచి దించుకున్న తల అప్పుడెత్తాను.

తర్వాత వ్యాపారి వెంట పడ్డారు. బడి వదలగానే హొసకోటకు సైకిలు తొక్కి, అతని కొట్టు ముందు ఆ పలక పట్టుకుని అటూ ఇటూ నడిచేవారు. "నీ గడ్డలు నువ్వే లేకుండా చేసుకుంటాండావు కదప్పా," అని వచ్చేపోయే వాళ్లందరూ వినేలా చెప్పేవారు. కొన్ని వారాలకు విసిగిపోయి అతను విరిగిన గడ్డలూ తీసుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికే రెండు గుట్టలు బోడిగా అయిపోయాయి. వాటిని తలుచుకుని, "నేనింకా ముందే మీయమ్మను అడిగుండాల," అని రిటైరయ్యాక కూడా నాతో అన్నారు. ఆ మాట అంటూ కూడా నడుస్తూనే ఉన్నారు.

ఈపాటికి వార్త తెలిసే ఉన్న అమ్మకు ఎలా ఎదురుపడాలో తోచక, ఊరికి ముందే గుట్ట దగ్గర బస్సు దిగేశాను. వాలు మీద నాకంటే చిన్నవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు తవ్వుతున్నారు. నాకు తెలిసిన ముఖాలు కావు. ఒకామె గడ్డను పుటుక్కున విరిచి, ఒక కొన గుంతలో పెట్టి, మట్టి లాగి మడమతో అదిమింది.

"ఇట్ల చేయాలని ఎవరు చెప్పినారమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఎవురు చెప్పేదేందక్కా? గడ్డ తవ్వేదంటే ఇట్లనే గదా."

మేష్ట్రు పేరు చెబుదామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే పక్క తీగ దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె వెనక, వాలు పొడవునా, ఎర్రమట్టిలో మడమ గుర్తులు.