ఎల్లేశం నజర్‌బంద్

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువు అంటే దానికి మర్యాద ఇచ్చినట్టవుతుంది. అది నాలో కుళ్లుతున్న ముద్ద. ఊళ్లో ఇప్పటికీ నన్ను మంచివాడంటారు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు. అదీ నేను.

నిజాం కాలం, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఊరు సిద్దిపేటకు నడిచిపోయేంత దగ్గర. మా నాయిన పోలీసు పటేలు. సర్కారు లెవీ కింద రైతుల దగ్గర గుంజుకున్న జొన్నలు మా కొట్టంలోనే నిలవ ఉండేవి. ఒక మధ్యాహ్నం ఆ కొట్టం వెనక గోడకు కన్నం పెట్టి, జొన్నలు మూటగట్టుకుంటూ ఎల్లేశం దొరికిపోయాడు. పదిహేనేళ్లుంటాయేమో. తండ్రి లేడు. తల్లి లచ్చవ్వకు కూలి దొరికితేనే వాళ్ల పొయ్యి వెలిగేది.

సిద్దిపేట కచ్చేరీలో మున్సిఫు సాహెబు వాణ్ని చాలాసేపు చూశాడు. ఈ వయసులో జైలుకు పంపితే అసలు దొంగతనం అక్కడే నేర్చుకుంటాడన్నాడు. ఏడాది పాటు ఇంటి దగ్గరే నజర్‌బంద్ అన్నాడు. పగలు ఊళ్లో కూలి చేసుకోవచ్చు. పొద్దుగూకితే ఇల్లు కదలకూడదు. పొలిమేర దాటకూడదు. దాటితే జైలు. అట్లాంటి తీర్పు మేమెవ్వరం అంతకుముందు వినలేదు. వాణ్ని కనిపెట్టుకుని ఉండే పని పటేలుకు అప్పగించారు. నాయిన దాన్ని నాకు అప్పగించాడు. నాకు ఇరవై ఏళ్లు. నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చు. చేసే పనేమీ లేదు.

ఒక మనిషి బతుకు నా నాలుక చివర వేలాడుతోంది. ఇరవై ఏళ్లవాడికి అంతకంటే మత్తు ఏముంటుంది? వాడితో బావి నీళ్లు తోడించాను. ఎద్దులను కడిగించాను. నా స్నేహితులు చూస్తుండగా కాళ్లు పట్టించుకున్నాను. నేను ఒక్క మాట చెబితే జైలేనని నవ్వేవాణ్ని. వాడు, నీ బానిసనన్నట్టు, నీ బాంచెన్ పటేలా అనేవాడు. ఆ మాట వినడానికే, పనేమీ లేకపోయినా, మళ్లీ పిలిచేవాణ్ని. ఇది రాస్తున్న చెయ్యి నాదేనని చూసుకుంటే ఏవగింపు పుడుతోంది.

వానాకాలం నాట్లకు లచ్చవ్వ పొలిమేర అవతల నంగునూరు పోయింది. అక్కడ జ్వరంతో పడిపోయిందని, మాట కూడా రావడం లేదని కబురొచ్చింది. ఎల్లేశం పరుగెత్తుకొచ్చి, తల్లి దగ్గరికి పోనివ్వమని మా వాకిట్లో నిలబడ్డాడు. నేను అన్నం తింటున్నాను. తల ఎత్తకుండానే పొమ్మన్నాను. నేను చూసుకుంటానన్నాను. అది దయ కాదు. మున్సిఫు సాహెబులా సెలవివ్వడం బాగుందనిపించింది, అంతే.

ఆ సాయంత్రమే ఠాణా నుంచి జవాను వచ్చాడు. గుడిసెలో ఎల్లేశం లేడు. నన్ను అడిగితే, వాడొచ్చాక చూసుకోవచ్చులే అని, తెలియదన్నాను. ఆ రాత్రి అతను మా ఇంట్లోనే ఉండిపోయాడు. మర్నాడు ఎల్లేశం ఎవరిదో బండి మీద తల్లిని తెచ్చుకుని, గుడిసెలో పడుకోబెట్టి, తనంత తానే మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద జవాను, పక్కన నాయిన, స్తంభానికి ఆనుకుని నేను.

"ఎవల్నడిగి పోయినవ్‌రా?" అన్నాడు జవాను.

"గీయిన్నే అడిగిన. పొమ్మన్నడు." ఎల్లేశం నా కళ్లలోకి చూశాడు. "చెప్పు. నువ్వే పొమ్మన్నవ్ గదా? నేను జూసుకుంట అంటివి గదా?"

నాయిన నా వైపు తిరిగాడు.

"నేనెప్పుడన్నరా? అవద్దాలాడకు," అన్నాను.

జవాను చేతులకు తాడు కడుతుంటే వాడు నన్నే చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. మనిషి ఇంత తేలిగ్గా ఇట్లా చెయ్యగలడా అన్నట్టు.

భయంతో అన్నానా? చాలా ఏళ్లు నాకు నేను అట్లాగే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నిజం చెబితే నాయిన నాలుగు తిట్టేవాడు, జవానుకు ఒక కోడిని కోసి పెడితే ఆ సంగతి అక్కడితో ముగిసేది, నాకు ఇది ఆ క్షణంలో కూడా తెలుసు. మరెందుకు? వాడు ఆ రోజు బాంచెన్ అనలేదు. పటేలా అనలేదు. సాటి మనిషిని అడిగినట్టు, చెప్పు, అన్నాడు. అది నాకు కొట్టినట్టు తగిలింది. అందుకు వాణ్ని జైలుకు పంపాను.

ఇంతకంటే నీచమైనది ఇంకా ఉంది. లచ్చవ్వ బతికింది. లేచి నడవగలిగిన రోజున, గోడ పట్టుకుంటూ మా ఇంటికి వచ్చి నా కాళ్ల మీద పడింది.

"నా కొడుకు గిట్ల జేస్తడనుకోలే పటేలా. నన్ను జూడ దొంగతనంగ పోయి, నీ పేరు జెప్పిండట. వాన్ని మాఫ్ జెయ్యి."

నేను సరేలే అన్నాను. అవును, వాణ్ని నేను క్షమించాను.

జైలు నుంచి ఎల్లేశం తిరిగొచ్చినప్పుడు, ముందు నా కాళ్లు మొక్కి రమ్మని ఆమె గడపలోనే నిలేసిందట. అవ్వా నేను అవద్దమాడలేదే అని వాడు ఎంత చెప్పినా ఆమె వినలేదట. ఇరుగుపొరుగు చెబితే తెలిసింది. వాడు లోపలికి అడుగుపెట్టకుండానే వెళ్లిపోయాడు. ఎటు పోయాడో, ఉన్నాడో లేడో, ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

లచ్చవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నేను రోజూ ఆమె గుడిసె ముందు నుంచే పొలానికి పోయేవాణ్ని. ఆగితే చాలు, ఒక్క మాట. కనబడినప్పుడల్లా ఆమె చేతులు జోడించేది. నేను తలాడించి పోయేవాణ్ని. ఆమె చనిపోతే దగ్గరుండి మట్టి చేయించాను. ఊరంతా నా పెద్దమనసును మెచ్చుకుంది. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను.

మీరు నన్ను క్షమిస్తారా అని అడగను. అడిగే నోరు నాకు లేదు. వినవలసిన మనిషి మట్టిలో ఉంది. అయినా ఒక్కసారి, ఆమెతోనే అంటాను.

లచ్చవ్వా, నీ కొడుకును నేనే పొమ్మన్న.

అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.