పంటి కింద వల

"పాపా, మీ తాత పోయినాడు. పొద్దున టీ తాగి గుమ్మంలో కూర్చున్నోడు కూర్చున్నట్టే..." అని మొన్న మైపాడు నుంచి అవ్వ ఫోన్ చేసింది. ఆయన నాకు రక్తసంబంధం కాదు. నేను నెల్లూరులో ఫిజియోథెరపీ చేస్తాను. ఆయన పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి మా దగ్గరికి వచ్చిన చేపల తాత, అవ్వ ఆయన భార్య. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను, నిజమే. కానీ ఆయన్ని తలుచుకుంటే ముందు వచ్చేది నవ్వే. ఆ నవ్వు మీకూ చెప్పాలనిపించింది.

మొదటిరోజు అవ్వ భుజం పట్టుకుని వచ్చాడు. కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంది, వేళ్ళు తెరుచుకోవు. ఏం కావాలి తాతా అని అడిగాను.

"వల ఇసరాలమ్మా. ఒక్కసారి ఇసిరితే చాలు."

"ముందు అన్నం కలుపుకోను నేర్చుకో సామీ!" అని అవ్వ కసిరింది.

మా దగ్గర వర్చువల్ రియాలిటీ డబ్బా ఒకటి కళ్ళకు కడతాం. తలకి వైర్ల టోపీ తొడుగుతాం. డబ్బాలో తోట కనిపిస్తుంది, చెట్టుకున్న ఆపిల్ పళ్ళు కొయ్యమంటాం. చెయ్యి కదలకపోయినా ఫరవాలేదు. కదిలించాలని గట్టిగా ప్రయత్నిస్తే, మెదడులో ఆ చేతిని నడిపే చోట చలనం మొదలవుతుంది, టోపీ దాన్ని పసిగట్టి తెరమీద రంగుగా చూపిస్తుంది. అది రోజూ వస్తుంటే చేతికి మళ్ళీ దారి దొరుకుతుందని మా ఆశ. తాతకి రెండు వారాలైనా రంగే రాలేదు.

"పుట్టి బుద్ధెరిగినాక నేను ఆపిలు చెట్టు చూళ్ళేదు పాపా. నా చేతికేం తెలుస్తాది?" అన్నాడు. నాకు చెంప చెళ్ళుమన్నట్టయింది.

మిషన్ చూసుకునే మా ఇంజనీరమ్మ తోట తీసేసి సముద్రం పెట్టింది, పడవా వలా పెట్టింది. తాత డబ్బా కట్టుకుని, "ఏందమ్మా ఇది, ఉప్పు వాసనే లేదు!" అన్నాడు. "ఊఁ, ఇసురు తాతా" అన్నాను. అంతే! తెరంతా ఎర్రగా భగ్గుమంది. ఎగిరి గంతేశాను. పక్క గది వాళ్ళని కేకేశాను, అవ్వని కావలించుకున్నాను, లడ్లు తెప్పించాను. నా లడ్డు సగం అయ్యేసరికి ఇంజనీరమ్మ మెల్లగా చెవిలో చెప్పింది. "అక్కా, అది మెదడు కాదు, దవడ. తాత పళ్ళు బిగిస్తుండాడు. దవడ బిగిస్తే టోపీ ఇట్టాగే ఎర్రగా కొడతాది."

వల విసిరేటప్పుడు అంచు తాడును పంటితో పట్టుకుంటారు, రెండు చేతులూ చాలవు గనక. యాభై ఏళ్ళ అలవాటు. లేని వలను కూడా తాత పళ్ళతో పట్టేశాడు. నా ముఖం మాడిపోయింది. విషయం చెబితే ఆయన పగలబడి నవ్వాడు.

"పళ్ళు పట్టకుండా వలెట్టా ఇసురుతారమ్మా? నీ మిషనుకి మా సంగతి తెలీదు. దిగులు పడబాక. లడ్డు మటుకు ఎనక్కియ్యను."

మరి నోరు వదులుగా ఉంచేదెలా? ఉపాయం అవ్వదే. బెల్లం ముక్క ఆయన నాలుక మీద పెట్టి, "కొరికినావంటే మద్యాన్నం కూర లేదు" అంది. అట్లా రోజుకో ముక్క కరుగుతూ వచ్చింది. "పట్టుకునేది అందరికీ వచ్చు పాపా, ఇసరాలంటే వదలాల" అంటూ ఆ పిడికిలితో పోట్లాడేవాడు. ఒకనాడు తెరమీద, మెదడులో కుడిచేతిని నడిపే ఎడమ పక్కన, శనగబద్దంత పసుపు చుక్క కనపడింది. ఈసారి నేను గంతెయ్యలేదు, ముందు వెళ్ళి తాత దవడ తడిమాను. మెత్తగా ఉంది. అప్పుడు వేశాను గంతు.

వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకోవడానికి నెలలు పట్టింది. ఒక ఆదివారం నన్నూ ఇంజనీరమ్మనూ రమ్మని కబురు పంపాడు. మైపాడు కాలవలో మోకాలి లోతున నిలబడ్డాడు, అవ్వ వెనకనుంచి నడుం పట్టుకుంది. తాడు పంట కరిచి, వల విసిరాడు. గుండ్రంగా ఎక్కడ, చిరిగిన దోసెలా పడింది! అయినా మా ముగ్గురి కేకలకి గట్టు మీది కొంగలు లేచిపోయాయి. మూడంటే మూడు చిన్న చేపలు. వాటిని పట్టుకున్న కుడి పిడికిలి నా దోసిలి మీద పెట్టి మెల్లగా తెరిచాడు. "ఇయ్యి మిషను చేపలు కాదు, పులుసు పెట్టుకో" అన్నాడు. అంత మంచి పులుసు మళ్ళీ నేను తినలేదు.

మొన్న ఫోన్ రాగానే ఆటో ఎక్కి వెళ్ళాను. ఆ కుడిచేతిని కాసేపు పట్టుకున్నాను. గుమ్మం పక్కన కొయ్యకి వల వేలాడుతోంది. "రాత్రికి పులుసు కావాలని నిన్న సాయంత్రం కూడా పోయినాడు పాపా కాలవకి" అంది అవ్వ, ఏడుస్తూనే నవ్వి. వల అంచు చేతిలోకి తీసుకున్నాను. తాడు ఒకచోట నలిగి, పంటి గాట్లు పడి ఉంది. ఇంకా తడి ఆరలేదు.