చింతపండుతో తోమిన పాళీలు

మొన్న తెనాలిలో సిరా బుడ్డి అడిగితే కొట్లో అమ్మాయి "ప్రింటర్‌కా తాతగారూ?" అంది. పెన్నుకు అన్నాను. "పెన్నులో ఇంకు వాళ్లే పోసి అమ్ముతారు కదండీ!" అని నవ్వింది. ఒళ్లు మండిపోయింది నాకు. నాలుగో తరగతితో బడి మానేసి, శనగపప్పు కట్టిచ్చిన పొట్లం కాగితాలు చదివి కథలు రాయడం నేర్చుకున్నవాణ్ణి. చదువుకున్నవాళ్లు పట్టాలు గోడకు తగిలించుకుంటారు. నేను జేబుకు పెన్ను తగిలించుకున్నాను. ఆ మంటలోనే ఎందుకో మా తోడల్లుడు గుర్తొచ్చాడు.

మా మామగారిది బాపట్ల. అల్లుళ్ల మధ్య ఎక్కువ తక్కువలు రాకూడదని పంచెల దగ్గర్నుంచి అన్నీ జతగా కొనేవారు. ఎనభైల్లో ఒక దసరాకి నాకూ, రేపల్లెలో మాస్టరుగా చేసే చిన్నల్లుడికీ ఒకే రకం ఇంకు పెన్నులు పెట్టారు. లావుపాటి నల్లటి ఒళ్లు, బంగారు రంగు పాళీ, మూత తీస్తే కొత్త సైకిలు ట్యూబు వాసన. పాళీ రాసేవాడి చేతిని బట్టి అరుగుతుంది. నేను కుడివైపుకు ఒరగబెట్టి రాస్తాను. రెండేళ్లకు నాది నా అక్షరానికి లొంగింది.

అదిగో, అప్పుడే ఒక వేసవిలో అందరం బాపట్లలో కలిశాం. సిరా గడ్డకట్టిందని పెన్నులు విప్పి, చెరో గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టి, భోజనాలకు కూర్చున్నాం. లేచి వచ్చేసరికి పాళీలు రెండూ ఒకే పళ్లెంలో తళతళలాడుతున్నాయి.

"నల్లగా పాచి పట్టాయి నాయనా. ఇత్తడే కదా, బిందెలతోపాటు చింతపండేసి తోమాను," అన్నారు అత్తగారు మురిసిపోతూ.

"ఏది ఎవరిదండీ?"

"ఎవరిదైతే ఏంటి? కవలపిల్లల్లా ఉన్నాయి. చెరోటీ తీసుకోండి."

రెండూ పెట్టి రాసి చూశాను. రెండూ గీరాయి. తోడల్లుడు మాత్రం ఒకటి తీసి, "ఇది నాదే అన్నయ్యా," అన్నాడు.

"ఎట్లా తెలిసింది?"

"మీరు మొహం చిట్లించారుగా!"

రెండోదానికీ చిట్లించానయ్యా అంటే వినడే! ఇంటికొచ్చాక సగంలో ఉన్న కథ ముందుకు సాగలేదు. అక్షరాలు ఎవరివో అనిపించాయి. వారం ఆగి పాసింజరెక్కి రేపల్లె వెళ్లి పెన్ను మార్చుకున్నాను. తిరుగు రైలు వేమూరు దాటకముందే మొదటిదే నాదేమోనని అనుమానం పుట్టింది. మళ్లీ వెళ్లాను. మళ్లీ మార్చాను.

"మీరు పెన్ను కోసం వస్తున్నారా, మా ఆవిడ చేపల పులుసు కోసమా?" అన్నాడు తోడల్లుడు.

"నా అక్షరం పోతోందయ్యా ఇక్కడ!" అని వీధి అంతా వినబడేలా అరిచాను. ఆయన నవ్వి ఇంకోసారి మార్చాడు. అలా ఎన్నిసార్లో.

తొంభైల్లో ఆయన ఉన్నట్టుండి పోయాడు. కొన్ని నెలలకు మరదలు తెనాలి వచ్చి పెన్ను నా చేతిలో పెట్టింది. "రెండూ మీ దగ్గరే ఉంటే గొడవుండదు బావగారూ," అంది. నిజమే, గొడవ లేదు.

అప్పటినుంచీ రోజుకొకటి మార్చి రాస్తున్నాను. రెండూ నున్నగా, నా ఒరగుడుకు తగ్గట్టే సాగుతాయి. అప్పట్లో నాది ఏదో తేలక రైళ్లెక్కాను. ఇప్పుడు ఆయనది ఏదో పోల్చుకుందామని తెల్ల కాగితం మీద అడ్డంగా, నిలువుగా గీస్తున్నాను. ఎటు గీసినా నా చెయ్యే తగులుతోంది. ఆయన చెయ్యి ఏ పాళీ మీంచి, ఏ ఏడు అరిగిపోయిందో, రోజూ రాస్తూ కూడా నేను గమనించనే లేదు.